ఏడో నంబరు గదిలో పలకసర్లు

లాడ్జి గదిలో సొమ్ము దాచుకోడానికి చోట్లు పదకొండే పదకొండు, పన్నెండోది లేదు. ఈ మాట ఏ పోలీసాయనో చెప్పింది కాదు. అనకాపల్లి స్టేషను దగ్గర మేఘమాల లాడ్జిలో పంతొమ్మిదేళ్ళు గదులు తుడిచిన లూర్దు మేరీ చెప్పింది. దిండు గలీబు, పరుపు కింద, బీరువా పైన, కేలండరు వెనక, బూటులో మేజోడు లోపల, ఫ్యాను గిన్నెలో, బోర్లించిన బకెట్టు కింద, పాలిథిన్ కవరులో చుట్టి ఫ్లష్ ట్యాంకులో... ఇలా వేళ్ళు మడుచుకుంటూ పోయేది. "ఈ తెలివి నాకొక్కడికే ఉందనుకుంటాడమ్మా ప్రతి మనిషీ. లోకంలో అందరికీ అదే తెలివి!" అని పకపకా నవ్వేది.

ఊరికే కోసిన కోతలు కావవి. అరుణ్ కుమార్ అని మందుల కంపెనీ కుర్రాడు పదిహేను రోజులకోసారి వచ్చి దిగేవాడు. ఒకరోజు పందెం కట్టేడు. "మేరమ్మా, నా వాచీ ఈ గదిలో దాచేను. ఈ టీ చల్లారేలోగా తీసేవంటే నీకు థమ్సప్." మేరీ గదిలోకి అడుగైనా పెట్టలేదు. చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఒక్క చూపు చూసింది. "ఫేను గిన్నెలో ఉంది బాబూ. దుప్పటి మీద మీ అరికాలి అచ్చు సూడండి. మంచమెక్కేరు కాదేటి?" అంది. ఆ కుర్రాడు టీ అక్కడే వదిలేసి థమ్సప్ తేవడానికి పోయేడు.

మేరీది కశింకోట పక్క పల్లె. పెనిమిటి వరదానం కశింకోటకీ అనకాపల్లికీ మధ్యన షేర్ ఆటో తోలేవాడు. అది రోడ్డు మీద తిరిగిన రోజులకన్నా మెకానిక్కు షెడ్డులో పడుకున్న రోజులే ఎక్కువ. ఒక్కగానొక్క కూతురు జాయ్స్ విశాఖపట్నం హాస్టల్లో ఉండి నర్సింగు చదివేది. ఆ హాస్టలు ఖర్చూ, ఇంటద్దే, వరదానం చుట్టలూ అన్నీ మేరీ చీపురు మీదే నడిచేవి. ఆ చీపురుని ఆవిడ అంత గౌరవంగానూ చూసుకునేది. మూల నిలబెట్టేదే గానీ ఏనాడూ నేల మీద పడెయ్యలేదు.

లాడ్జి యజమాని త్రినాధరావు ఎలాంటివాడో చెప్పాలంటే కౌంటరు వెనకాల బోర్డు చూస్తే చాలు. "మీ విలువైన వస్తువులకు యాజమాన్యం బాధ్యత వహించదు" అని ఎర్ర రంగుతో రాయించేడు. బయట లాడ్జి పేరు కూడా అంత పెద్ద అక్షరాల్లో లేదు. ఎవరైనా బంగారమో బొంగరమో కౌంటర్లో ఉంచుతామంటే చేతులు రెండూ వెనక్కి పెట్టేసుకుని, బోర్డు కేసి గడ్డం చూపించేవాడు. అంచేత గదుల్లో దిగినవాళ్ళ సొమ్ము భయం అంతా మేరీ నెత్తిన పడింది. ఎవరూ పడెయ్యలేదు, ఆవిడే ఎత్తుకుంది.

మంచినీళ్ళ కూజా పెట్టడానికి వచ్చి పాఠం మొదలెట్టేది. కిటికీ పక్కన చొక్కా తగిలించకండి బాబూ, బయట నుంచి కర్రకి కొక్కెమెట్టి లాగేత్తారు. తాళం ఏసిన పెట్టెలో ఎట్టేను గదా అని కులాసాగా ఉండకండి, దొంగకి పెట్టెతో సహా మొయ్యడమే సులువు. సొమ్మంతా ఒక్క చోట ఎట్టకండి. రైల్లో కలిసిన మనిషి ఎంత తియ్యగా మాటాడినా గదిలోకి తీసుకురాకండి. స్నానానికెళ్తే ముందు తలుపు గడియ చూసుకోండి. ఎక్కడ దాచేరో ఎవరికీ సెప్పకండి. ఇవన్నీ ఒక్క ఊపిరిలో చెప్పి, కూజా మీద గ్లాసు బోర్లించి పోయేది. కొంతమంది నవ్వేవారు, కొంతమంది విసుక్కునేవారు. ఆవిడ వెళ్ళిపోయేక అందరూ లేచి దాచిన చోటు మార్చేవారు.

ఒకసారి బరంపురం ఆసామి ఒకాయన గది ఖాళీ చేసి వెళ్ళిన పావుగంటకి మేరీ దిండు ఎత్తింది. గలీబులో ఏదో గట్టిగా తగిలింది. విప్పి చూడలేదు. విప్పితే చూసినట్టవుతుంది, చూస్తే లెక్క చెప్పాల్సొస్తుంది. దిండుతో సహా చెప్పుల్లేకుండా స్టేషనుకి పరిగెత్తి, రైలు కదులుతుండగా కిటికీ పక్కన కూచున్న ఆ ఆసామి ఒళ్ళోకి దిండు తోసేసింది. ఆయన దండం పెడుతూ పెడుతూ వెళ్ళిపోయేడు. త్రినాధరావు మాత్రం ఆ నెల జీతంలో దిండు ఖరీదు కోసుకున్నాడు. అలాంటి మహానుభావుడు.

మేరీకి ఇంకో నియమం ఉండేది. గదిలో చూసింది గదిలోనే వదిలెయ్యాలి. ఎవరి మంచం కింద ఏముంది, ఎవరి సంచీలో ఏ ఉత్తరముంది, ఎవరు ఎవర్ని తలుచుకుని ఏడ్చేరు, ఏదీ బయటికి రాకూడదు. "గుడిలో ఫాదరు గారికి పాపసంకీర్తనం సెప్పుకుంటాం. ఆయన బజార్లో సెప్తాడా? నాదీ అంతే" అనేది. ఈ నియమమే ఆవిడ పీకకి చుట్టుకుంది. ఎలాగో వినండి.

రెండువేల ఆరో సంవత్సరం, మాఘమాసం. ముహూర్తాల మీద ముహూర్తాలు, ఊళ్ళో ఏ లాడ్జిలోనూ గది దొరకడం లేదు. రోలుగుంట అవతల పల్లె నుంచి దేముడు అనే చెరుకు రైతు, అతని భార్య నూకరత్నం, తల్లి అప్పలనర్సమ్మ ఓ మధ్యాహ్నం వచ్చి ఏడో నంబరు గదిలో దిగేరు. నూకరత్నం మేనల్లుడి పెళ్ళి. మర్నాడు సాయంత్రం పొద్దుపోయేక ముహూర్తం. కల్యాణ మండపం స్టేషనుకి దగ్గరే. పెళ్ళివారి చుట్టాలు ఇంకా పాతికమంది దాకా ఆ లాడ్జిలోనే ఉన్నారు.

నూకరత్నం మెడలో పలకసర్లున్నాయి. రెండు పేటల బంగారు గొలుసు, పలకకీ పలకకీ మధ్యన ఎర్రటి పగడం. వాళ్ళమ్మ మంచాన పడ్డప్పుడు, కొడుకులిద్దర్నీ కాదని కూతుర్ని పిలిచి చేతిలో పెట్టిందట. మర్నాడంతా పెళ్ళింట్లో వంటలకీ వడ్డనలకీ తిరగాలి, ముక్కూ మొహం తెలీని జనం. ముహూర్తానికి పెట్టుకోవాలి గానీ అంతదాకా ఎక్కడ దాచాలా అని ఆవిడ బెంగ. కౌంటర్లో అడిగితే త్రినాధరావు బోర్డు చూపించేడు.

మేరీ కూజా తెచ్చి పాఠం మొదలెట్టింది. అప్పటికి అత్తగారు ఇంకా పైకి రాలేదు, మోకాళ్ళు పట్టేసేయని కింద బల్ల మీద కూచుని కొడుకు చేత కాళ్ళు పట్టించుకుంటోంది. నూకరత్నం పాఠమంతా బుద్ధిగా విని, "అక్కడా ఒద్దంటావు, ఇక్కడా ఒద్దంటావు. మరెక్కడ ఎట్టమంతావప్పా?" అంది, అక్కని పిలిచినట్టు.

"దొంగకి చెయ్యి రాని సోట ఎట్టాలమ్మా. చెయ్యి పట్టని సోటు కాదు, చెయ్యి రాని సోటు."

నూకరత్నం మంచమ్మీద కూచుని కాసేపు ఆలోచించింది. ఉన్నట్టుండి ఆవిడ మొహం వెలిగింది. పెళ్ళికని తెచ్చిన పసుపు పొట్లం విప్పి, చేతిరుమాలంత తెల్లగుడ్డ ఒకటి తీసి పసుపునీళ్ళలో ముంచింది. ఫ్యాను కింద ఆరబెట్టింది. పలకసర్లు దూదిలో చుట్టి ఆ గుడ్డలో పెట్టి మూడు ముళ్ళేసింది. పైన కుంకుమబొట్టు పెట్టి, అద్దం పక్కన మేకుకి తగిలించింది. అచ్చం అమ్మవారికి మొక్కుకుని కట్టిన ముడుపు! ఎవరు చూసినా అందులో రూపాయి బిళ్ళలున్నాయనే అనుకుంటారు. అనుకున్నా ముట్టరు.

"అమ్మవారి ముడుపు మీద ఎవడు సెయ్యేత్తాడు? ఏత్తే కళ్ళు పోవేటి?" అంది నూకరత్నం.

మేరీ ముక్కున వేలేసుకుంది. "ఓలమ్మో! పంతొమ్మిదేళ్ళయింది, పన్నెండో సోటు ఈయేళ సూసేను!" అంది. ఇద్దరూ చిన్నపిల్లల్లాగ నోటికి చెంగులు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు.

నవ్వు ఆగేక నూకరత్నం గొంతు తగ్గించింది. "మా అత్తకి మాత్రం సెప్పకప్పా. ఉత్తుత్తి ముడుపు కట్టేనని తెలిసిందంటే, అమ్మవారితో ఏళాకోళమా అని నా తోలు తీసి ఆరెడతాది. నా మొగుడికీ సెప్పకు, ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. ఒట్టెయ్యి."

మేరీ మెళ్ళోంచి జపమాల తీసి చేత్తో పట్టుకుంది. "గదిలో మాట గదిలోనే ఉంటాదమ్మా. మరియతల్లి మీద ఒట్టు" అంది. ఎక్కడ దాచేరో ఎవరికీ చెప్పకండి అని లోకానికంతా పాఠం చెప్పే మనిషి కదా, ఆ ఒట్టు ఆవిడకి చాలా సబబుగా తోచింది.

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికల్లా దేముడూ నూకరత్నం పెళ్ళికొడుకుని చేసే వేడుకకి వెళ్ళిపోయేరు. ముసలావిడ వెనక వస్తానని గదిలోనే ఉండి, తొమ్మిదిన్నరకి కౌంటర్లో తాళం ఇచ్చి వెళ్ళింది. పదకొండింటికి మేరీ తన దగ్గరున్న రెండో తాళంతో ఏడో నంబరు తీసి తుడిచింది. మేకు ఖాళీగా ఉంది. పెట్టుకుందామని తీసుకెళ్ళుంటుందిలే అనుకుని తలుపు మూసేసింది. అంత తెలివైన మనిషికి ఆ క్షణాన అనుమానం రాలేదంటే ఏం చెప్తాం! పెళ్ళిళ్ళ కాలం, ఆ పూట పద్నాలుగు గదుల దుప్పట్లు మార్చాలి మరి.

సాయంత్రం నాలుగింటికి ముస్తాబవడానికి వచ్చిన నూకరత్నం పెట్టిన కేక మెట్ల మీంచి దొర్లుకుంటూ కిందకొచ్చింది.

దేముడు పరుపులెత్తేడు. దిండ్లు దులిపేడు. పెట్టెలు కుమ్మరించేడు. "ఎక్కడెట్టేవే?" అని అరిచేడు.

"ఎట్టిన సోటే ఎట్టేను!"

"ఆ సోటేదో సెప్పి ఏడు!"

నూకరత్నం నోరు తెరిచింది. మొగుడి భుజం మీంచి అత్తగారి మొహం కనిపించింది. చేతికర్ర పట్టుకుని కళ్ళు చిట్లించి చూస్తోంది. నూకరత్నం తెరిచిన నోరు మూసేసుకుంది. మళ్ళీ తెరిచి, "ఎక్కడెట్టేనో ఆ మేరీకి తెలుసు. ఆవిడకొక్కదానికే తెలుసు" అంది. అబద్ధం కాదు. నిజమే. కాకపోతే ఆ నిజాన్ని ఆవిడ మేరీ మీదకి విసిరింది.

పెళ్ళివారి జనమంతా కౌంటరు ముందర పోగయ్యేరు. మేరీ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, జరిగింది విని నిర్ఘాంతపోయింది. "పదకొండింటికి తుడిసినప్పుడే లేదమ్మా. మీరే తీసేరనుకున్నాను" అంది.

"పదకొండింటికే లేదని తెలిస్తే అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు త్రినాధరావు. "గదుల్లో ఎవరెక్కడ దాస్తారో నీకు కంఠతా వచ్చు. గుమ్మంలో నిలబడి చెప్పేస్తావు. రెండో తాళం నీ దగ్గరే. ఇంక నిన్ను కాక ఎవర్ని అడగను?"

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది మేరీ పని. ఏ తెలివికి థమ్సప్‌లు వచ్చేయో ఆ తెలివే ఆవిడ్ని పట్టించింది.

త్రినాధరావు ఆవిడ నడుముకున్న తాళాల గుత్తి అడిగి తీసేసుకున్నాడు. తర్వాత మూల మేకుకి తగిలించిన ఆవిడ గుడ్డసంచీ తెప్పించి, ఒక్క మాటైనా అడక్కుండా, అందరి ముందరా కౌంటరు మీద బోర్లించేడు. టిఫిను గిన్నె పడింది. విరిగిన పళ్ళ దువ్వెన పడింది. కుట్టు విడిపోయిన రవిక, రెండు తమలపాకులు, జాయ్స్ రాసిన ఉత్తరం, మరియమాత పటం పడ్డాయి. చివర్న ఓ న్యూస్ పేపరు పొట్లం పడి విచ్చుకుంది. అందులోంచి సబ్బు ముక్కలు జారేయి. గదులు ఖాళీ చేసినవాళ్ళు స్నానాల గదుల్లో వదిలేసిన అరిగిపోయిన ముక్కలు, ఎర్రవీ పచ్చవీ తెల్లవీ.

"బంగారం దొరకలేదు గానీ సబ్బులు దొరికేయి!" అన్నారు వెనకనుంచి ఎవరో. కిసుక్కుమని నవ్వు వినపడింది.

మేరీకి చెవులు కాలిపోయేయి. ఆ ముక్కలు చెత్తబుట్టలో వెయ్యాల్సినవే. వాటితోనే ఇంట్లో గుడ్డలుతుక్కునేది. తీసుకెళ్తున్నానని ఎప్పుడో చెప్పింది కూడా, త్రినాధరావు ఊఁ అన్నాడు కూడా. కానీ అంతమంది ముందర అవి పరుచుకుని కనపడేసరికి దొంగసొమ్ములాగే ఉన్నాయి. ఆవిడకి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. పళ్ళు బిగించుకుని నిలబడింది.

"ఆరింటిదాకా చూస్తాను. నగ బయటికి రాకపోతే స్టేషనుకి ఫోను చేస్తాను. రేపట్నుంచి నువ్వు పనిలోకి రానక్కర్లేదు" అన్నాడు త్రినాధరావు.

అనకాపల్లి పెద్ద ఊరేమీ కాదు. మేఘమాలలో దొంగతనం చేసి పట్టుబడిందంటే ఇంకో లాడ్జి మెట్లెక్కనివ్వరు. అది సరే, చీపురు కాకపోతే చేట పట్టుకుంటుంది. జాయ్స్ మాటేమిటి? రేపు ఆ పిల్ల ఆసుపత్రిలో నర్సమ్మ అయితే, దొంగదాని కూతురికి మందుల బీరువా తాళం ఏ డాక్టరు చేతిలో పెడతాడు? 

ఒక్క మాట చాలు. పసుపుగుడ్డలో కట్టి మేకుకి తగిలించింది అంటే చాలు, కథ ఎటో ఒకవైపు తేలుతుంది. ఆవిడ నూకరత్నం కేసి చూసింది. నువ్వు చెప్పమ్మా, నీ నోటితో నువ్వే చెప్పు అన్నట్టు చూసింది. నూకరత్నం మొహం తిప్పేసుకుంది. అత్తంటే అంత భయం! మనిషి బతుకు పోతున్నా సరే గానీ అత్త చేతిలో మాట పడకూడదు. మేరీ జపమాల మెళ్ళోనే ఉంది, ఒట్టేసిన జపమాల. ఛీ, నేను మాట తప్పను అనుకుంది. తప్పకుండానే నా దారి నేను చూసుకుంటాను అనుకుంది.

ముసలావిడ వైపు తిరిగింది.

"పెద్దమ్మా, పొద్దున్న ఈళ్ళు ఎల్లిపోయేక గదిలో ఉన్నది మీరే గదా?"

"నానే. అయితే ఏటే? నా కోడలి నగ నాను మింగీసేనంతావా?" అప్పలనర్సమ్మ కర్ర నేలకేసి కొట్టింది.

"మింగేరనలేదమ్మా. ఎల్లినప్పుడు సేతిలో ఏటేటి పట్టుకెల్లేరు అని అడుగుతున్నాను."

"ఏటి పట్టుకెల్తాను? నా సేతికర్ర, నా వక్కల సంచీ, కోడలి ముడుపు. అంతే."

నూకరత్నం మెట్టు మీద చతికిలపడిపోయింది.

"ఏ ముడుపే అమ్మా?" అన్నాడు దేముడు అయోమయంగా.

"ఏ ముడుపేట్రా! నిరుడు బుడ్డోడికి పచ్చకామెర్లొత్తే నీ పెళ్ళాం అమ్మోరికి మొక్కుకుంది కాదేటి? తీర్సవే, తీర్సవే అని ఏడాదై సెవిలో జోరీగలాగ సెప్తన్నాను. ఇన్నాళ్ళకి బుద్దొచ్చి ముడుపు కట్టింది. కట్టిందా, మేకుకి తగిలించి మరిసిపోయి పెళ్ళి సందట్లోకి పోయింది! మీకు తీరుబడవదని నానే పక్కసందులో అమ్మోరి గుడికెల్లి హుండీలో ఏసీసేను. కన్నంలో పట్టలేదురా నాయనా, వేలెట్టి తోసీసేను. రూపాయి బిళ్ళలు గట్టిగానే ఏసిందని సంతోసించేను కూడాను!"

అత్త సొమ్ము అల్లుడు దానం చేసేడని సామెత. ఇక్కడ కోడలి సొమ్ము అత్త దానం చేసింది, పైగా పుణ్యం వచ్చిందని పొద్దుటి నుంచీ హాయిగా ఉంది. నూకరత్నం "నా పలకసర్లో!" అని ఒక్క శోకం అందుకుంది. దాంతో అంతా బయటపడింది. తర్వాత రెండు నిమిషాలు అత్తా కోడళ్ళ మధ్యన దొర్లిన మాటలు రాయడానికి వీల్లేదు. ఆ నోళ్ళు మూయించి, దేముడు ఇద్దర్నీ వెంటబెట్టుకుని గుడికి పరిగెత్తేడు. నవ్వినవాళ్ళు, నవ్వనివాళ్ళు అందరూ వెనకాలే పరిగెత్తేరు.

ఆ గుడి హుండీ తాళం తాతబ్బాయి దగ్గరుంటుంది. బెల్లం మార్కెట్టులో కాటా వేసే మనిషి, వీధికి పెద్ద. సంగతంతా విని మీసం సర్దుకున్నాడు. "అమ్మవారి నోట్లో పడ్డది నేను తియ్యలేను బావా. ఉగాది ముందొచ్చే కొత్తమావాస్యకే తాళం తీసేది."

"పలకసర్లు బావా, పలకసర్లు!" అన్నాడు దేముడు.

"పలకసర్లయితే మరీ తియ్యలేను. అమ్మవారూ ఆడకూతురే గదా, మెళ్ళో ఏసుకుని సూసుకుంటంటాది."

ఆ పలకసర్ల సంగతి ఇక్కడే చెప్పేస్తాను, మీ మనసు అందులోనే ఉండిపోతుంది. నెలన్నర పోయేక కొత్తమావాస్య నాడు హుండీ తెరిచేరు. హుండీలో పడ్డ వస్తువుని వేలం వెయ్యడం ఆ గుడి ఆచారం. వీధంతా వచ్చి కూచుంది. నూకరత్నం "నూట పదహార్లు" అంది. "ఇంకెవరైనా పాడతారా?" అని తాతబ్బాయి మూడుసార్లు అడిగేడు. ముగ్గురు షావుకార్లున్నారు అక్కడ, ఒక్కడు గొంతు సవరించుకున్నా ఒట్టు. పలకసర్లు ఇంటికెళ్ళేయి. ఉత్తుత్తి ముడుపు కట్టిన తప్పుకి అప్పలనర్సమ్మ కోడలి చేత ఓ కోడిపుంజుని కూడా ఇప్పించింది. అసలు మొక్కు కూడా అప్పుడే తీర్పించిందిలెండి.

మేరీ కూడా పాఠం మార్చింది. ఎక్కడ దాచేరో ఎవరికీ చెప్పకండి అనడం మానేసి, ఇంట్లోవాళ్ళు ఒక్కరికైనా చెప్పండి బాబూ అనడం మొదలెట్టింది. అదంతా తర్వాతి మాట.

ఆ సాయంత్రం మాత్రం మేరీ గుడికి వెళ్ళలేదు. జనమంతా పోయేక కౌంటరు ఎదుట బల్ల మీద కూచుంది. సంచీలోంచి పడ్డవన్నీ పడ్డచోటే ఉన్నాయి. ఆవిడ ఒక్కటీ ముట్టలేదు. త్రినాధరావు పేపరు అడ్డం పెట్టుకుని కూచున్నాడు గానీ చదువుతున్నట్టు లేడు.

ఆరు కావొస్తుండగా పెళ్ళివారు తిరిగొచ్చి ముస్తాబులై ఒక్కొక్కరే కిందకి దిగుతున్నారు. త్రినాధరావు గొంతు సవరించుకున్నాడు. "సరేలే మేరీ, ఏదో పొరపాటు జరిగింది. ఇందా తాళాలు. మూడో నంబరు ఖాళీ అయింది, దుప్పటి మార్చు" అన్నాడు, ఏమీ జరగనట్టు.

మేరీ చెయ్యి చాపలేదు.

"నా సంచీ బాబూ."

"ఇక్కడే ఉంది గదా, సర్దుకో."

"నేను బోర్లించలేదు బాబూ. బోర్లించిన సేతులే సర్దాలి."

మెట్లు దిగుతున్నవాళ్ళు ఆగిపోయేరు. పట్టుచీర కట్టుకుని, మెళ్ళో ఒక్క పుస్తెలతాడుతో దిగుతున్న నూకరత్నం గబగబా వచ్చింది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. "నాది తప్పప్పా! నా నోరు పడిపోను! నువ్వు ఒట్టు తప్పలేదు, నేనే నిన్ను ఈదిలో ఎట్టేను. నేను సర్దుతానుండు" అని దువ్వెన మీద చెయ్యేసింది.

మేరీ ఆ చెయ్యి మెల్లిగా పట్టుకుని పక్కకి పెట్టింది. "మీరొద్దమ్మా. మీకు నేను నిన్నట్నుంచే తెలుసు, భయంలో ఏదో అన్నారు. ఈ బాబుకి నేను పంతొమ్మిదేళ్ళుగా తెలుసు" అంది.

త్రినాధరావు బోర్డు కేసి చూసేడు, గుమ్మం కేసి చూసేడు. ఎటు చూసినా పెళ్ళివారే. లేచి సంచీ నోరు తెరిచి పట్టుకున్నాడు. టిఫిను గిన్నె పెట్టేడు. దువ్వెన పెట్టేడు. రవిక మడతపెట్టడం చేతకాక రెండుసార్లు మడిచి పెట్టేడు. మరియమాత పటం దగ్గరికొచ్చేసరికి ఎందుకో ఒక చెయ్యి చాలదనిపించి రెండు చేతులతో ఎత్తి పెట్టేడు. సబ్బు ముక్కలు మాత్రం చేత్తో పక్కకి తోసి, "ఇవెందుకులే మేరీ, రేపు కొత్త సబ్బు ఇస్తాను" అన్నాడు.

"కొత్తదొద్దు బాబూ. అవి నావి. కాయితంలో సుట్టండి."

త్రినాధరావు న్యూస్ పేపరు పరిచి ఒక్కొక్క ముక్కే ఏరి పెట్టేడు. పొట్లం కట్టి సంచీలో పెట్టబోతుంటే మేరీ వేలు చూపించింది.

"ఆరే కట్టేరు. మొత్తం ఏడు బాబూ. ఒకటి మీ కుర్సీ కిందకి పోయింది."

పాతికమంది పెళ్ళివారు చూస్తుండగా మేఘమాల లాడ్జి యజమాని మోకాళ్ళ మీద కూచుని కుర్చీ కిందకి చెయ్యి చాపేడు.